శిల, శర్కర, సికత: పర్యాయపదాలు - ప్రయోజనభేదాలు

అమరకోశం ద్వితీయకాండలోని శైలవర్గం రాతికి ఏడు పేర్లు చెప్పింది: శిల, దృషత్తు, అశ్మము, ఉపలము, గ్రావము, పాషాణము, ప్రస్తరము. ప్రాచ్యకళాశాలలలో చదువుకొన్నవారికి ఇవి కంఠస్థాలే. కావ్యంలో ఉపలమని వచ్చినా, శ్రౌతగ్రంథంలో దృషత్తని వచ్చినా 'రాయి' అని ఒక్కమాటతో అర్థం చెప్పి ముందుకు సాగిపోవడం మన పాఠాలలో అలవాటు. ఛందస్సుకు ఒదిగే మాటను ఎన్నుకోవలసిన కవికి ఈ సమానార్థకత్వం ఎంతో ఉపకరిస్తుంది. కాని ఆ మాటలు పనిచేసిన చోట, అనగా యాగశాలలో, వంటింటిలో, ఏటి ఒడ్డున, వైద్యుని ఎదుట, అవి పర్యాయపదాలు కావు. ఒక్కొక్కటి ఒక్కొక్క పనికి ఏర్పడిన పేరు. రాయి, కంకర, ఇసుక అనే మూడింటికి సంబంధించిన సంస్కృతాంధ్ర పదజాలాన్ని ఈ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట దృషదుపలాల సంగతి. దర్శపూర్ణమాసేష్టిలో పురోడాశానికి కావలసిన ధాన్యాన్ని ఉలూఖలముసలాలతో దంచి, శూర్పంతో చెరిగి, పిమ్మట పిండి చేస్తారు. పిండి చేయడానికి రెండు రాళ్ళు కావాలి. అడుగున కదలకుండా ఉండేది దృషత్తు. దానిపై చేతితో ఆడించేది ఉపల. ఈ అర్థంలో ఆ శబ్దం స్త్రీలింగం. తైత్తిరీయసంహిత లెక్కించిన పది యజ్ఞాయుధాలలో ఈ రెండూ రెండుగానే లెక్కకు వచ్చాయి. రెండింటికీ అర్థం రాయి అని చెప్పి ఊరుకొంటే పదింటి లెక్క ఎందుకు కుదిరిందో విద్యార్థికి తెలియదు. నిజానికి మన భాషలో ఈ జంటకు సరిపోయే జంట సిద్ధంగా ఉంది. సన్నికల్లు, పొత్రం. దృషత్తు సన్నికల్లు, ఉపల పొత్రం. ఇంత దగ్గరి మాటలు ఉండగా 'క్రింది రాయి, మీది రాయి' అని వివరించవలసిన అవసరం ఏర్పడిందంటే ఆ వస్తువు ఇంటినుండి వెళ్ళిపోయిందని అర్థం.

వైయాకరణులకు ఈ వస్తువు సుపరిచితం. శైషికప్రత్యయాలకు కాశిక చూపిన ఉదాహరణలలో దృషత్తుపై పిండి చేసిన సక్తువులు 'దార్షదములు', ఉలూఖలంలో దంచిన యావకం 'ఔలూఖలం'. ఏ రాతిపై ఏ పని జరిగిందో పదార్థం పేరులోనే తెలిసిపోతుంది. తిరగలిలో విసిరిన పిండికీ, రోట్లో దంచిన పిండికీ, రుబ్బిన పిండికీ తేడా ఎరిగిన తెలుగు గృహిణికి ఈ తద్ధితాల అవసరం వేరే చెప్పనక్కరలేదు. మనుస్మృతి గృహస్థుకు చెప్పిన పంచసూనలలో పొయ్యి, చీపురు, నీటికుండలతోపాటు పేషణి, కండని కూడా ఉన్నాయి. పేషణి నూరే రాయి, కండని దంచే సాధనం. సూన అనగా ప్రాణిహింస జరిగే తావు. ప్రతిదినం రాతి కింద నలిగే సూక్ష్మప్రాణుల నిమిత్తం ప్రతిదినం పంచమహాయజ్ఞాలు విధింపబడ్డాయి. వంటింటి రాయి ధర్మశాస్త్రంలో ఒక మహాప్రకరణానికి కారణం కావడం విశేషమే.

గ్రావశబ్దం చరిత్ర మరొకటి. ఋగ్వేదంలో గ్రావాలు సోమలతను నలిపి రసం తీసే రాళ్ళు. దశమమండలంలో వాటి ధ్వనిని కీర్తించే సూక్తమే ఉంది. సోమయాగాలు అరుదైన కొలది గ్రావం కొండరాయిగా, కేవలం రాయిగా మిగిలింది. ప్రస్తరశబ్దంలో మార్పు ఇంకా చిత్రమైనది. యాగవేదికపై పరిచే దర్భముష్టి ప్రస్తరం. పరచుట అనే ధాత్వర్థం అక్కడ స్పష్టం. లౌకికంలో అది శిలకు పేరైంది. యజ్ఞప్రకరణంలో 'ప్రస్తరాన్ని అగ్నిలో వేయుట' అని చదివి రాతిని అగ్నిలో వేశారని విద్యార్థి భావిస్తే తప్పు అతనిది కాదు. అతనికి మనం ఇచ్చిన కోశార్థానిది.

అశ్మశబ్దం గృహ్యకర్మలలో నిలిచింది. వివాహంలో వధువు చేత రాతిని తొక్కించే కర్మను అశ్మారోహణం అంటారు. ఆశ్వలాయన, ఆపస్తంబ గృహ్యాలు రెండూ దీనిని విధించాయి. ఆ రాతివలె స్థిరంగా ఉండుమని మంత్రతాత్పర్యం. తెలుగుదేశంలో దీనినే 'సన్నికల్లు తొక్కించుట' అన్నారు. తమిళులు కూడా ఈ కర్మకు తమ ఇంటి 'అమ్మి'నే వాడారు. అశ్మమంటే ఏ రాయి అని తర్కించకుండా, ఆమె రేపటినుండి పనిచేయబోయే రాతినే తెచ్చి ఆమె పాదం కింద పెట్టిన లోకవ్యవహారం సూత్రానికి గొప్ప వ్యాఖ్యానమని నా అభిప్రాయం. మిక్సీ వచ్చిన తరువాత చాలా ఇండ్లలో సన్నికల్లు పెండ్లిసామగ్రి జాబితాలో మాత్రమే మిగిలింది. మంత్రం మారలేదు. కాని స్థిరత్వానికి గుర్తుగా నిలిచిన వస్తువు నిత్యజీవితంలో లేదు గనుక, ఆ కర్మ చూచేవారికి అది ఏదో ఒక రాయి.

సన్నికల్లులోని ఉత్తరపదం గమనింపదగినది. 'కల్లు' ద్రావిడభాషలలో రాతికి ప్రాచీనమైన పేరు. తమిళ కన్నడాలలో నేటికీ అదే వాడుక. తెలుగులో స్వతంత్రపదంగా దాని స్థానాన్ని 'ఱాయి' ఆక్రమించింది. పూర్వులు శకటరేఫతో రాసిన ఈ మాటకు ఔపవిభక్తికరూపం 'రాతి', నేయికి నేతి అయినట్లు. కల్లు సమాసాలలో దాగి బ్రతికింది. ఏకశిలానగరమని సంస్కృతీకరింపబడిన ఓరుగల్లులో, ఆకాశంనుండి పడే వడగల్లులో, వంటకు వాడే కల్లుప్పులో, కొలతకు చెప్పే 'ఉప్పుకల్లు'లో అది ఉంది. తాటికల్లుకు తమిళంలో మూర్ధన్య ళకారం ఉండటంచేత అక్కడ రెండు మాటలు వేరుగా నిలిచాయి. తెలుగులో రెండూ ఒకే ఉచ్చారణకు రావడం రాతి కల్లు వెనుకబడటానికి ఒక కారణమై ఉండవచ్చునని ఊహించవచ్చు. వడగల్లుకు అమరం ఇచ్చిన పేరు వర్షోపలం. అక్కడ ఉపలం, ఇక్కడ కల్లు. హిందీలో వడగండ్లకు వాడే 'ఓలా' ఆ ఉపలశబ్దంనుండి వచ్చినదే. రెండు భాషాకుటుంబాలు ఒకే పోలికను ఎన్నుకొన్నాయి.

ఇక శర్కర. దీని మొదటి అర్థం గులకరాయి, రాతిపలుకు. అష్టాధ్యాయి ఐదవ అధ్యాయం రెండవ పాదంలో సికతాశర్కరాశబ్దాలకు కలిపి మత్వర్థంలో అణ్ ప్రత్యయాన్ని విధించిన సూత్రం ఉంది (5.2.104). దాని తరువాతి సూత్రం దేశవిషయంలో ప్రత్యయలోపాన్ని, ఇలచ్ ప్రత్యయాన్ని కూడా అనుమతిస్తుంది. కనుక ఇసుకనేలకు సికత, సికతిలం, సైకతం, సికతావత్తు అని, గులకనేలకు శర్కర, శర్కరిలం, శార్కరం, శర్కరావత్తు అని నాలుగేసి రూపాలు ఏర్పడతాయి. అమరసింహుడు భూమివర్గంలో ఈ వ్యవస్థనే అనువదించాడు. నేల స్వభావాన్ని బట్టి పైరు, బాట, బావి నిర్ణయమయ్యే సమాజంలోనే రెండు మాటలకు ఇన్ని రూపాలు, ఒక ప్రత్యేకసూత్రం అవసరమవుతాయి. దేశం కానిచోట కాశిక ఇచ్చిన ఉదాహరణలు ఇంకా రసవంతమైనవి: సైకతఘటం, శార్కరమధువు. ఇసుక గల కుండ సరే, గులకరాళ్ళున్న తేనె ఏమిటి? ఇక్కడ శర్కర చక్కెరపలుకు. పేరుకొన్న తేనెలో పంటికి తగిలే పలుకును రాతిపలుకుతో పోల్చడంనుండి ఈ అర్థం వచ్చింది. ఒకే సూత్రం కింద శర్కరాశబ్దం రెండు అర్థాలూ పక్కపక్కన కనబడటం అర్థవిపరిణామం బోధించే ఆచార్యునికి చక్కని ఉదాహరణ.

ఈ శర్కరయే ప్రాకృతంలో సక్కర, మన చక్కెర. పారసీకం ద్వారా అరబ్బీకి, అక్కడినుండి ఐరోపాభాషలకు సాగి ఇంగ్లీషులో షుగర్ అయింది. ప్రపంచమంతా టీలో కలుపుకొనే వస్తువుకు పేరు ఒక గులకరాయినుండి వచ్చింది. ద్రావిడభాషల వైపు చూచినా ఇదే ధోరణి. తమిళంలో పటికబెల్లానికి 'కఱ్కండు' అనే పేరులో కల్ స్పష్టంగా ఉంది. మన కలకండను దానితో పోల్చిచూడాలి. కల్లుప్పు ముందే చెప్పబడింది. పలుకుగా గట్టిపడిన తినుబండారాన్ని రాతి పేరుతో పిలవడం మన నాలుకకు సహజమైన అలవాటు.

ఆయుర్వేదంలో ఈ మూడు శబ్దాలకు ఉన్న క్రమం నాకు అన్నిటికంటె ముఖ్యంగా తోచింది. సుశ్రుతసంహిత నిదానస్థానం మూడవ అధ్యాయం అశ్మరీనిదానం. మూత్రాశయంలో ఏర్పడే రాయి అశ్మరి. అది చితికి చిన్న పలుకులై మూత్రంతో వెలువడితే శర్కర. శర్కరను, సికతను అశ్మరీవికారాలుగానే సుశ్రుతుడు పేర్కొన్నాడు. కఫజప్రమేహాలలో సికతామేహం వేరుగా చెప్పబడింది. ఇక్కడ పదార్థం మారలేదు. పలుకు పరిమాణమూ, రోగిపై దాని ప్రభావమూ మారాయి. వైద్యుడు చేయవలసిన పని కూడా మారింది. శర్కర తనంత తాను వెలువడుతుంది, పెద్ద అశ్మరికి శస్త్రం కావాలి. రాయి, పలుకు, ఇసుక అనే విభాగం ద్రవ్యాన్ని బట్టి కాక పరిమాణాన్ని బట్టి, ప్రయోజనాన్ని బట్టి చేసినదని ఇంతకంటె స్పష్టంగా చూపే గ్రంథం మరొకటి ఉండబోదు. భూవిజ్ఞానులు వాడే వెంట్వర్త్ కొలమానం 1922 నాటిది. అందులోనూ 2 మిల్లీమీటర్లనుండి మిల్లీమీటరులో 16వ వంతు వరకు ఉన్న పలుకు ఇసుక, అంతకు మించినది గులక. ఆ పలుకు పలుగురాతిదా, గవ్వచిప్పదా అనే ప్రశ్న నిర్వచనంలో లేదు.

సికత విషయంలో ఏటి ఒడ్డుకు వెళ్ళాలి. అమరం వారివర్గంలో పులినానికీ, సైకతానికీ భేదం చూపింది. నీటినుండి పైకి తేలిన తావు పులినం, ఇసుకమయమైనది సైకతం. వ్యాఖ్యానాలు చెప్పేటప్పుడు రెండింటికీ 'ఇసుకతిన్నె' అనడం పరిపాటి. తెలుగు రైతు ఇంతకంటె సూక్ష్మంగా మాట్లాడతాడు. ఏటి మధ్య తేలి, ఒండ్రు పట్టి, పైరుకు అనువైనది లంక. ఒడ్డున పేరుకొన్నది తిన్నె. వరదలో కొట్టుకువచ్చి పొలంపై పరచుకొన్నది మేట. తిన్నె కవికి అందం, లంక రైతుకు జీవనం, మేట అదే రైతుకు నాశనం. ఇసుక ఒక్కటే. అది చేరిన తావును బట్టి పేరు, పేరును బట్టి లాభనష్టాలు.

ఆ వర్గంలోనే కూపకం, విదారకం అనే మాటలు ఉన్నాయి. ఎండిన ఏటిలో నీటికోసం తవ్విన గుంటలకు అవి పేర్లు. దీనికి తెలుగు 'చెలమ'. కొన్ని పాఠాలలో దీనిని చిన్నబావి అని చెప్పి వదిలివేయడం కద్దు. చెలమ బావి కాదు. బావికి ఒర ఉంటుంది, యజమాని ఉంటాడు, ఏళ్ళ తరబడి నిలుస్తుంది. చెలమను వేసవిలో ఏటిలో చేతులతోనో, చిప్పతోనో తోడుకొంటారు. ఇసుక వడకట్టిన తేటనీరు ఊరుతుంది. వరద వస్తే పూడిపోతుంది, మరుసటి వేసవికి మరొకచోట తవ్వుకొంటారు. ఇసుక పొర కింది నీటిని పట్టి ఉంచుతుందనీ, దానిని శుభ్రపరుస్తుందనీ తెలిసిన జనం పెట్టిన పేరు అది. ఏటిలో ఇసుక పొర లేకుంటే చెలమ ఉండదు. 2002 నాటి ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం భూగర్భజలాలకు హాని కలిగే ఇసుక తవ్వకాన్ని నియంత్రించింది. 2012లో సుప్రీంకోర్టు దీపక్ కుమార్ కేసులో చిన్నతరహా ఖనిజాల తవ్వకానికి, ఐదు హెక్టార్ల లోపు విస్తీర్ణమైనా, పర్యావరణ అనుమతి అవసరమని ఆదేశించింది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచం ఏటా వాడుకొనే ఇసుక, కంకర సుమారు 5,000 కోట్ల టన్నులు. ఇటువంటి కాలంలో విదారకమంటే ఏమిటని తరగతిలో చెప్పడం కేవలం కోశవ్యాఖ్యానం కాదు.

చట్టం కూడా ఇసుకను ప్రయోజనం బట్టి నిర్వచించడం గమనార్హం. 1957 నాటి గనుల చట్టం కట్టడపు రాయిని, గ్రావెలును, సాధారణమైన మట్టిని, ఇసుకను చిన్నతరహా ఖనిజాలుగా చెప్పి, నిర్ణీత ప్రయోజనాలకు వాడే ఇసుకను మాత్రం మినహాయించింది. ఆ ప్రయోజనాలలో గాజు తయారీ, పింగాణీ, బొగ్గుగనులలోని ఖాళీలను పూడ్చడం వంటివి 1960 నియమావళిలో ఉన్నాయి. ఒకే ఏటి ఇసుక ఇంటిగోడకు వెళితే ఒక జాతి, గాజుకొలిమికి వెళితే మరొక జాతి. మీమాంసకులు వింటే సంతోషించేవారు.

శిల్పశాస్త్రంలో ఈ ధోరణి పరాకాష్ఠకు చేరింది. మయమతాది గ్రంథాలలో శిలకు బాల, యువ, వృద్ధ అనే వయోభేదం, స్త్రీ, పురుష, నపుంసక అనే లింగభేదం ఉన్నాయి. కొట్టినప్పుడు వచ్చే నాదం దీనికి ఒక పరీక్ష. పురుషశిల విగ్రహానికి, స్త్రీశిల పీఠానికి, నపుంసకశిల అడుగుభాగానికి. నాదాన్ని బట్టి లోపలి పగుళ్ళు తెలుసుకోవడం నేటికీ రాతిపనివారు చేసేదే. బృహత్సంహిత దకార్గలాధ్యాయం బావి తవ్వేటప్పుడు అడ్డుపడిన బండను మోదుగు, తుమికి కట్టెలతో ఎర్రగా కాల్చి సున్నపునీటితో తడిపి చీల్చే పద్ధతిని చెప్పింది. ఉపాయం శాస్త్రంలో చేరకముందు పనివాని చేతిలో ఉండి ఉండాలి. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో నిర్మించిన రామప్పదేవాలయం 2021లో ప్రపంచవారసత్వ జాబితాలో చేరినప్పుడు, దాని ఇసుకపెట్టె పునాదిని, నీటిలో తేలునని చెప్పే తేలిక ఇటుకలను యునెస్కో ప్రత్యేకంగా పేర్కొన్నది. అడుగున ఇసుక, నడుమ గట్టిరాయి, పైన తేలిక ఇటుక. ఏది ఎక్కడ పనికివస్తుందో ఎరిగిన స్థపతి నిర్ణయం అది.

నిత్యపూజలోనూ రాతి ఎంపిక ఉంది. పంచాయతనంలో విష్ణువుకు గండకీనది సాలగ్రామం, శివునికి నర్మదాబాణం, గణపతికి శోణానది రాయి, అంబికకు మన స్వర్ణముఖి రాయి, సూర్యునికి స్ఫటికం. గులకరాయికి పుట్టిన ఏరే గోత్రమైంది.

కట్టడపు పనిలో మాటలు మరీ త్వరగా మారాయి. కంకర అన్న మాటకు ఉత్తరదేశంలో మూలార్థం నేలలో దొరికే సున్నపు గడ్డ. దానిని కాల్చి సున్నం చేసేవారు. నేటి తెలుగులో కంకర అంటే యంత్రంతో పగులగొట్టిన నల్లరాతి ముక్క. సున్నాన్ని ఇసుకతో కలిపి ఎద్దుల గానుగలో నూరినది గానుగసున్నం. సిమెంటు వచ్చి ఆ గానుగను, ఆ మాటను కలిపి తీసుకుపోయింది. కాంక్రీటుకు వాడే కంకర, ఇసుకలకు సంబంధించిన భారతీయప్రమాణం (ఐ.ఎస్. 383) 4.75 మిల్లీమీటర్ల జల్లెడ కిందికి జారినదానిని సన్నరకంగా, పైన నిలిచినదానిని ముతకరకంగా విభజిస్తుంది. 2016లో సవరించిన ఆ ప్రమాణం రాతిని పొడిచేసి తయారుచేసిన ఇసుకకు కూడా స్థానమిచ్చింది. అశ్మరినుండి సికత దాకా సుశ్రుతుడు శరీరంలో చూచిన క్రమం ఇప్పుడు కంకర మిల్లులో రోజూ జరుగుతున్నది.

తెలుగులో ఈ పదజాలాన్ని సేకరించే పనికి మంచి పునాది ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు సంపాదించిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయపదాల సంపుటం 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షాన వెలువడింది. తరువాత చేనేత, వాస్తు మొదలైన వృత్తులకూ సంపుటాలు వచ్చాయి. ఆ కోశాలను తెలుగు శాఖవారు వాడుతారు, సంస్కృత శాఖవారు తరచు వాడరు. అమరకోశాన్ని ఒక చేత, వృత్తిపదకోశాన్ని ఒక చేత పట్టుకొని చదివే పాఠం మన కళాశాలలలో మొదలు కావాలి. శూద్రవర్గంలో టంకం అనగా రాతిని చీల్చే పనిముట్టు. మన విద్యార్థి దానికి 'ఉలి' అని రాసి మార్కులు తెచ్చుకొంటాడు. వడ్రంగికీ ఉలి ఉంది, కంసాలికీ ఉలి ఉంది. రాతిని చీల్చడానికి, చదును చేయడానికి, అంచు తీయడానికి వడ్డెర పనివారి దగ్గర వేరువేరు సాధనాలు, వేరువేరు పేర్లు ఉన్నాయి. అరిగి నున్నబడిన తిరగలికి, తెలంగాణంలోని విసుర్రాయికి, తిరిగి గరుకు పుట్టించడాన్ని 'కక్కు కొట్టడం' అంటారు. ఆ పనికై వీధులలో తిరిగే మనిషి ఇంకా కొన్ని ఊళ్ళలో కనబడుతున్నాడు. శ్రౌతంలోని దృషత్తుకు గరుకు ఎట్లా నిలిపేవారో అతనిని అడిగి తెలుసుకోవడానికి ఇది తగిన సమయం.